ఉత్తుత్తి కంపెనీకి లోగో: ముందు దాని జేబులో ఎంతుందో రాసుకో తమ్ముడూ

ఈసారి ఉత్తరం తణుకు నుంచి. బీటెక్ సెకండియర్ కుర్రాడు, పేరు వద్దన్నాడు. కాస్త కుదించి వేస్తున్నా:

"అన్నగారూ, నాకు పాత టీవీ ప్రొడక్షన్ కంపెనీల లోగోలంటే పిచ్చి. సీరియల్ అయిపోయాక నాలుగు సెకన్లు వస్తాయి చూడండి, అవి. లేని కంపెనీ ఒకటి ఊహించుకుని దానికి లోగో చేశా. 1988లో హైదరాబాద్ దూరదర్శన్‌కి తెలుగు సీరియల్స్ తీసే చిన్న కంపెనీ అనుకున్నా, పేరు మా ఊరి నది పేరు మీద పెట్టా. త్రీడీ బంగారు అక్షరాలు, వెనకాల తిరిగే భూగోళం, ఒక మెరుపు, సింహం గర్జన, కింద ఎర్ర రంగులో కంపెనీ పేరు, మొత్తం 14 సెకన్లు, పైన పాత వీడియో క్యాసెట్‌లా కనబడే వీహెచ్ఎస్ ఎఫెక్ట్ కూడా వేశా. ఫ్రెండ్స్‌కి చూపిస్తే 'యూట్యూబ్ ఛానల్ ఇంట్రోలా ఉందిరా' అన్నారు. నిజం లోగోలా ఎందుకు కనబడట్లేదు? ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? ఇంకోటి, మా నాన్న 'లేని కంపెనీకి లోగో ఏంట్రా, ఉన్న సబ్జెక్టులు పాసవ్వు' అంటున్నారు, ఆయనకేం చెప్పాలి?"

తమ్ముడూ, వీడియో చూశా, మూడుసార్లు చూశా. పనితనానికి వంక పెట్టను, ఆ భూగోళం మీద వెలుతురు పడే తీరు బాగుంది, మా రోజుల్లో అలాంటిది చెయ్యాలంటే బొంబాయి వెళ్లాల్సొచ్చేది. అసలు గొడవ కూడా అక్కడే ఉంది. నీ కంపెనీ 1988లో హైదరాబాద్‌లో ఒక గది అద్దెకి తీసుకుని, కెమెరా రోజు కిరాయికి తెచ్చుకుని, పదమూడు ఎపిసోడ్లకి స్పాన్సర్ కోసం సబ్బుల కంపెనీ చుట్టూ తిరిగే కంపెనీ కదా, మరి దానికి హాలీవుడ్ స్టూడియో లోగో ఎక్కణ్నుంచి వచ్చింది? చూసేవాళ్లకి ఫ్రేమ్ రేటు తెలీదు, ఫాంట్ తెలీదు, కానీ ఇది ఎవరి స్తోమతకి తగిందో చటుక్కున తెలిసిపోతుంది. పెళ్లికొడుకు అద్దె సూటు వేసుకుంటే భుజాల దగ్గర తెలిసిపోదూ, అలాగ.

అందుకని సాఫ్ట్‌వేర్ సంగతి కాసేపు పక్కన పెట్టు. ఒక కాయితం తీసుకుని ఆ లేని కంపెనీకి ఖాతా పుస్తకం రాయి. ఏ సంవత్సరం, ఓనరు ఎవరు (రిటైరైన నాటకాల మేష్టారా, సినిమాల్లో చెయ్యి కాలి టీవీకొచ్చిన ప్రొడ్యూసరా), లోగోకి ఎంత ఇచ్చాడు, ఎవరికిచ్చాడు, ఆ చేసినవాడి దగ్గర ఏ మిషన్ ఉంది, ఎన్ని రోజుల్లో కావాలన్నాడు. ఇవన్నీ రాశావంటే లోగో సగం దానంతటదే వచ్చేస్తుంది, ఎందుకంటే ఏం చెయ్యకూడదో తెలిసిపోతుంది.

నిజంగా పేరొచ్చిన లోగోలు ఎంత చవగ్గా అయ్యాయో చూడు. అమెరికాలో గ్యారీ డేవిడ్ గోల్డ్‌బర్గ్ అని 'ఫ్యామిలీ టైస్' తీసినాయన, ఆయన కంపెనీ పేరు ఊబూ ప్రొడక్షన్స్, ఊబూ ఆయన కుక్క. లోగో అంటే ఆ కుక్క ఫొటో ఒకటి, పారిస్‌లో తోటలో తీసింది, దాని మీద "సిట్ ఊబూ సిట్, గుడ్ డాగ్" అని ఆయన గొంతు, ఒక మొరుగు, అంతే. యానిమేషన్ లేదు, కదిలే బొమ్మ కూడా లేదు, అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాట అక్కడివాళ్ల నోట్లో ఉంది. ఇంకా ముందు 1970లో ఎంటీఎం ఎంటర్‌ప్రైజెస్ వాళ్లు హాలీవుడ్ ఎంజీఎం స్టూడియో సింహాన్ని ఎగతాళి చేస్తూ అదే గుండ్రటి చట్రంలో ఒక పిల్లికూనని కూర్చోబెట్టి మ్యావ్ అనిపించారు. తర్వాత కొన్ని సీరియల్స్‌కి దానికో వేషం, పోలీసు సీరియల్ 'హిల్ స్ట్రీట్ బ్లూస్'కి పోలీసు టోపీ, ఆస్పత్రి సీరియల్ 'సెయింట్ ఎల్స్‌వేర్'కి ముక్కుకి మాస్కు, 1988లో ఆ ఆస్పత్రి సీరియల్ ఆఖరి ఎపిసోడ్ అయిపోయినప్పుడు పిల్లి పడుకుని మిషన్లకి తగిలించి ఉండి గుండె గీత తిన్నగా అయిపోతుంది. ఎంత ధైర్యం! అమెరికాలోనే సీరియల్స్ తీసే జాస్ వీడన్ కంపెనీ మ్యూటెంట్ ఎనిమీదైతే ఇంకా ఘోరం, ఆయనే చేత్తో గీసిన ఒక పిచ్చి రాక్షసుడి బొమ్మ తెర మీద ఆ పక్కనుంచి ఈ పక్కకి దేక్కుంటూ పోతూ "గ్ర్, ఆర్గ్" అంటుంది, ఆ గొంతూ ఆయనదే. చిన్న పిల్లాడు సెలవుల్లో చేసినట్టుంటుంది, అదే దాని అందం.

నువ్వు పెట్టిన సింహం మాత్రం తీసెయ్. ఎంజీఎం వాళ్లది అని అందరికీ తెలుసు, పైగా 1988లో తెలుగు ప్రొడ్యూసరుకి సింహం ఎందుకు తడుతుంది చెప్పు. విజయా వారి జెండా మీద ఆంజనేయుడు చూడు, అది ఇక్కడి బుర్రలోంచి వచ్చిన బొమ్మ. నీకు నది పేరుంది కదా, నదికి ఏముంటుంది? రేవు మెట్లు, పడవ, కాలవ గట్టు మీద కొబ్బరిచెట్లు, కార్తీకమాసంలో అరటిదొప్పలో దీపం. దొప్పలో దీపం ఒక్కటి పెట్టుకుంటే నీ లోగో అయిపోయింది, నల్లటి తెర మీద చిన్న మంట, కింద నీటిలో నీడ, పేరు. మెరుపు ఎవరిక్కావాలి.

మన దేశంలో దీనికి ఉదాహరణ దూరదర్శన్ గుర్తే. అది ఏ పెద్ద ఏజెన్సీ చేసింది కాదు, అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) చదువుకునే దేబాశీష్ భట్టాచార్య అనే కుర్రాడు గీసింది, నీ వయసుకి కాస్త అటూఇటూ. నడిమధ్య ఒక గుండ్రం, దాని చుట్టూ రెండు వంపులు, ఒక కన్నులాగా. దాన్ని టీవీలో కదిలించడానికి అదే ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్.ఎల్. మిస్త్రీ అనే ఆయన బొమ్మ కాపీలు తీసి కెమెరా కింద పెట్టి ఒక్కోటీ కాస్త కాస్త తిప్పుకుంటూ షూట్ చేసి, అవి తిరుగుతూ తిరుగుతూ వచ్చి ఆఖరికి కన్ను అయ్యేలా చేశాడు. 1976 ఏప్రిల్ 1న టీవీలో కనబడింది. సంగీతం పండిట్ రవిశంకర్, ఉస్తాద్ అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్ కలిసి చేసింది, ఆ షెహనాయి వింటే నాకు ఇప్పటికీ ఎవరో పోయినట్టు కడుపులో అదోలా ఉంటుంది, అయినా మర్చిపోలేం. నీ కంపెనీ ఈ గుర్తు వెనకాలే టీవీలో వచ్చేది అనుకుంటున్నావు కాబట్టి దీని పక్కన పెట్టి చూడు నీది, వయసు తేడా నీకే తెలుస్తుంది.

ఇప్పుడు 1988 టీవీ గురించి. అప్పటికి కలర్ వచ్చి ఆరేళ్లే, 1982 ఏషియాడ్‌తో వచ్చింది, అంటే చాలా ఇళ్లల్లో ఇంకా బ్లాక్ అండ్ వైటే. నీ ఓనరు రామంతాపూర్‌లో దూరదర్శన్ వాళ్ల కలర్ మానిటర్ మీద చూసి మురిసిపోతాడు కానీ ఇంటికెళ్తే వాళ్లావిడ చూసేది నలుపు తెలుపులో. అందుకని రంగు తీసేసి చూడు ఒకసారి. నువ్వు ముదురు నీలం మీద ఎర్ర అక్షరాలు పెట్టావు, రంగు టీవీ సిగ్నల్‌లో వెలుగు లెక్క ఎరుపుకి దాదాపు 30 శాతం, పచ్చకి 59, నీలానికి 11, కాబట్టి ఆ రెండూ బ్లాక్ అండ్ వైట్‌లో బొగ్గు మీద మసి అయిపోతాయి, పేరే కనబడదు. రంగు టీవీలో కూడా ఎరుపు అంచులు పక్కకి కారిపోతాయి, టేపు మీద రంగుకి దొరికే చోటు చాలా తక్కువ. పాతకాలం వాళ్లు పసుపు, తెలుపు అక్షరాలు ఎందుకంత వాడేవాళ్లు అనుకున్నావు మరి.

నీ వీహెచ్ఎస్ ఎఫెక్ట్ ఉంది చూశావూ, అందులో రంగులు ఆకుపచ్చకీ గులాబీకీ ఊగిపోతున్నాయి. అది అమెరికా జబ్బు తమ్ముడూ, ఎన్‌టీఎస్‌సీ అనే వాళ్ల రంగు టీవీ పద్ధతిది. మనది పాల్ (PAL) అనే పద్ధతి, లైను మార్చి లైనుకి తిరగేసి పంపుతుంది కాబట్టి ఆ రంగు తప్పు దానికదే సర్దుకుంటుంది, రంగు వెలిసిపోతుందేమో గానీ మొహాలు పచ్చబడవు. నెట్‌లో దొరికే ఎఫెక్టులు చాలావరకు అమెరికా వాళ్లు వాళ్ల చిన్నతనం గుర్తుకి చేసుకున్నవి, మన చిన్నతనం వేరు. నువ్వు సెకనుకి 25 ఫ్రేముల్లో, 720 బై 576లో, 4:3 సైజులో ఎక్స్‌పోర్ట్ చెయ్యి, రంగుని మాత్రం అడ్డంగా కాస్త బ్లర్ చెయ్యి, వెలుగుని చెయ్యకు, తెర కింద అంచున ఒక వణికే గీత ఉంచు, చాలు. ఆ మధ్యలో గీతలు, కరెంటు పోయినట్టు మిణుకులు అన్నీ తీసెయ్, దూరదర్శన్‌కి అలాంటి టేపు పట్టుకెళ్తే వెనక్కి పంపేవాళ్లు. అసలు అది టీవీలో వచ్చినప్పటి రూపమా, ఎవరో ఇంట్లో వీసీఆర్‌లో రికార్డు చేసుకున్న రూపమా అనేది కూడా ముందే తేల్చుకో, ఇంటి రికార్డింగ్ అయితేనే ఆ చెడిపోవడం.

తెలుగు అక్షరాల గురించి ఒక మాట, ఇది నా నెత్తి మీదకొచ్చిన విషయం. తొంభైల మొదట్లో నేను టైటిల్స్ రాసే చోట పని నేర్చుకునేటప్పుడు ఒక చిన్న ప్రొడ్యూసర్ కార్డు నా చేతికొచ్చింది. కంపెనీ పేర్లో 'పద్మ' అని ఉంది, ఆవిడ పేరు. నేను అందంగా ఉంటుందని పేరుని తెర కింద అంచుకి ఆనించి పెట్టా. మా మానిటర్లో బాగానే ఉంది. ఇళ్లల్లో టీవీలు నాలుగు వైపులా బొమ్మని కాస్త మింగేస్తాయి కదా, మకారం ఒత్తు కాస్తా ఎగిరిపోయి 'పద' అని కనబడిందట ఊరంతా. ఎవరో ఫోన్ చేసి "ఎక్కడికండీ పదమంటున్నారు" అని ఎగతాళి చేశారని ఆయన వచ్చి అరిచిన అరుపు నాకింకా గుర్తు. అందుకే పేరు నడిమధ్య 80 శాతం లోపల ఉండాలి, బొమ్మలైతే 90 దాకా పోవచ్చు. ఇంగ్లీషు అక్షరాలకి ఈ ఇబ్బంది తక్కువ, మనకి పైన గుడి, కింద ఒత్తు, దాని కింద ఇంకో ఒత్తు, 'స్త్రీ' అని రాస్తే మూడంతస్తుల మేడ. లైను ఎత్తు లెక్క వేసుకునేటప్పుడు ఇంగ్లీషు లెక్క వెయ్యకు.

సాఫ్ట్‌వేర్ అడిగావు కాబట్టి ఇక్కడే చెప్తా. త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో తెలుగు తిన్నగా టైప్ చేస్తే ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి, నీ వీడియోలో 'ప్రొడక్షన్స్' అలాగే అయ్యింది, నువ్వు గమనించలేదో గమనించి వదిలేశావో. ముందు ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసి, అక్షరాలు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూసుకుని, వాటిని పాత్ కింద (అంటే అక్షరాలు కాకుండా గీతల ఆకారాలుగా) మార్చి, ఎస్‌వీజీగా సేవ్ చేసి అది బ్లెండర్‌లోకి తెచ్చుకో. ఒక్కో అక్షరం విడిగా ఎగిరొచ్చే యానిమేషన్ చెయ్యాలన్నా ఇదే దారి, లేకపోతే సాఫ్ట్‌వేర్ నీ గుణింతాన్ని ముక్కలు చేసి క వేరు, కొమ్ము వేరు ఎగరేస్తుంది. రెండూ ఫ్రీ. ఫాంట్ మాత్రం జాగ్రత్త, నువ్వు వాడిన రామభద్ర మంచి ఫాంటే, బోర్డులకి బాగుంటుంది, కానీ అది కంప్యూటర్ కాలంది, 1988లో లేదు. అప్పట్లో తెలుగు పేరంటే చాలావరకు ఆర్టిస్టు కుంచెతో రాసిందే, సినిమా పోస్టర్లు రాసే చెయ్యో, గోడల మీద రాసే చెయ్యో.

కాబట్టి నా అసలు సలహా ఏంటంటే, కంప్యూటర్ ఆపేసి పోస్టర్ కలర్ కొను. నల్ల చార్టు, తెల్ల రంగు, ఒక ఫ్లాట్ బ్రష్. మీ ఊళ్లో షాపుల బోర్డులు రాసే ముసలాయన ఎవరైనా మిగిలుంటే (ఫ్లెక్సీలొచ్చాక చాలామంది మానేశారు) ఆయన దగ్గర కూర్చుని పేరు రాయించుకో, డబ్బులిచ్చి రాయించుకో. ఆ తలకట్టు తిప్పడంలో ఒక ఊపు ఉంటుంది, అది ఏ ఫాంట్‌లోనూ రాదు. రాసిన చార్టుని గోడకి పెట్టి ఫోన్ స్టాండ్ మీద పెట్టి నెమ్మదిగా దగ్గరకి జరుపు, జూమ్ కాస్త అదిరితే అదరనీ. ఇంకాస్త డబ్బున్న కంపెనీ అనుకుంటే వెనకనుంచి లైటు వెయ్యి: నల్ల కాయితంలో అక్షరాల మేర కత్తిరించి, వెనకాల రంగు జిలెటిన్ కాయితం పెట్టి, దాని వెనక బల్బు. చీకటి గదిలో తీస్తే అక్షరాలు నిప్పులా మెరుస్తాయి. అప్పటి మెరిసే లోగోలు చాలావరకు ఇదే కిటుకు, కాకపోతే లిత్ నెగటివ్ (నలుపు, తెలుపు తప్ప మధ్య ఛాయలుండని ఫిల్ము) మీద, ఇంకాస్త నీట్‌గా. తీసిన దాన్ని తెచ్చి కంప్యూటర్‌లో సర్దుకో, తప్పు లేదు.

14 సెకన్లు ఎక్కువ. సీరియల్ చివర ఆ టైముకి ఆడవాళ్లు వంటింట్లోకి లేచిపోతారు, పిల్లలు ఛానల్ తిప్పుదామంటే వేరే ఛానల్ లేదు కాబట్టి కూర్చుంటారు, ఎంతసేపు చూస్తారు? 5 సెకన్లు, అంటే 125 ఫ్రేములు. నీ దీపానికైతే ఒక పదిహేను ఫ్రేములు ఖాళీ చీకటి, నలభై ఫ్రేముల్లో దీపం మెల్లగా రావడం, ఇరవైలో పేరు, మిగతా యాభై అసలు కదలకుండా అలా నిలబడిపోవాలి. కొత్తగా చేసేవాళ్లందరూ ఈ నిలబడటం దగ్గరే కంగారు పడతారు, ఏదో ఒకటి కదుపుతూనే ఉంటారు. చదివే టైము ఇవ్వాలి కదా. మార్క్ సెవెన్ అని జాక్ వెబ్ కంపెనీ, 'డ్రాగ్నెట్' వాళ్లది, వాళ్ల లోగోలో చెమటపట్టిన రెండు చేతులు రేకు మీద అచ్చు పెట్టి సుత్తితో టంగ్, టంగ్ అని రెండు దెబ్బలు కొడతాయి, అచ్చు తీస్తే అంకె కనబడుతుంది, అయిపోయింది.

సౌండ్ సంగతి మర్చిపోయేలా ఉన్నా, నిజానికి బొమ్మకంటే అదే ఎక్కువ గుర్తుంటుంది. అమెరికా ఎన్‌బీసీ వాళ్ల గంటలు మూడే స్వరాలు, రేడియో రోజులనుంచీ ఉన్నవి. స్క్రీన్ జెమ్స్ అని ఇంకో కంపెనీ 1965లో ఎస్ ఆకారంలో ఒక లోగో పెట్టింది, బొమ్మ మామూలుదే కానీ ఎరిక్ సిడే అనే ఆయన మూగ్ సింథసైజర్ మీద చేసిన ఆ చిన్న మ్యూజిక్ వినేసరికి పిల్లలు దడుచుకుని మంచాల కింద దూరేవాళ్లట, దానికి 'నరకం నుంచొచ్చిన ఎస్' అని పేరు పెట్టారు జనం. సింథసైజరు మన చిన్న కంపెనీకి ఎక్కడిది అనుకోకు, 88 నాటికి పెళ్లి బ్యాండుల్లో కూడా క్యాసియో కీబోర్డు వచ్చేసింది. కానీ నేనైతే వీణ వాడతా. హంసధ్వనిలో స రి గ ప అని నాలుగు మీటి పైన షడ్జం దగ్గర ఆపు, ఆ తీగ మోత దానంతటది చచ్చిపోయేదాకా బొమ్మ ఉంచు. ఎవరైనా నేర్చుకునే అమ్మాయి చేత వాయించుకో, నెట్‌లో శాంపిల్ దింపుకోకు, ఆ గదిలో ఫ్యాను శబ్దం వచ్చినా ఉంచెయ్.

నీ కంపెనీ పేరు నేను ఇక్కడ వెయ్యలేదు గమనించావా. ఆ పేరుతో నిజంగా ఎవరైనా ఉంటే? నది పేర్లు పెట్టుకోని కంపెనీ ఉందా మన జిల్లాల్లో. కంపెనీల రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్‌లో, ట్రేడ్‌మార్క్ సెర్చ్‌లో ఒకసారి వెతుకు, పావుగంట పని, దగ్గరగా ఏదైనా తగిలితే పేరు మార్చెయ్. వీడియో కింద "ఇది కల్పితం, ఇలాంటి కంపెనీ లేదు" అని తెలుగులోనే రాయి, వీడియోలో కూడా ఎక్కడో ఒక చిన్న గుర్తు దాచు, నీకు మాత్రమే తెలిసేలా. ఎందుకంటే బాగా కుదిరితే ఎవడో దాన్ని దించుకుని "దొరికిన పాత దూరదర్శన్ లోగో" అని పెట్టేస్తాడు, నిజంగా పాతవి వెతికి దాచిపెట్టేవాళ్లకి అది తలనొప్పి. మూలన దూరదర్శన్ గుర్తు పెడదామని ఉత్తరం చివర అడిగావు, వద్దు. మూడు సింహాల బొమ్మ అసలే వద్దు, 1950 నుంచీ దానికో చట్టమే ఉంది.

మీ నాన్నగారికి నేనేం చెప్పను, ఆయన చెప్పింది తప్పు కాదు. బ్యాక్‌లాగ్స్ ఎన్నున్నాయో నువ్వు రాయలేదు, రాయలేదంటేనే ఉన్నాయని అర్థం. అవి ముందు రాసెయ్. తర్వాత ఆ చార్టు మీద పేరు రాసేటప్పుడు ఆయన్ని కూడా పిలువు, 88లో ఆయనకి ఎన్నేళ్లుంటాయి, పదో పదిహేనో? ఏ ఇంట్లో కూర్చుని టీవీ చూసేవాళ్లు, ఆ టీవీకి చెక్క తలుపులుండేవా, యాంటెన్నా ఎవరు తిప్పేవాళ్లు, సీరియల్ అయిపోగానే తెర మీద ఏం వచ్చేది, ఇవన్నీ అడుగు. నీ ఖాతా పుస్తకంలో సగం ఆయనే రాయిస్తాడు.

రెండో వెర్షన్ పంపేటప్పుడు వీడియో ఒక్కటే పంపకు, ఆ కాయితం కూడా ఫొటో తీసి పంపు, ముందు అదే చూస్తా.